నేపథ్య గానంలో అజ్ఞాత గాత్రాలు

చలనచిత్రాలలోను, గ్రామఫోను రికార్డులలోను ఒకరి ముఖానికి లేదా ఒకరి పేరుకు మరొకరు గొంతు ఇవ్వడం శబ్దయుగంతో పాటు పుట్టిన ఆచారం. అలా పాడినవారిలో కొందరి పేర్లు తెరమీద, రికార్డు మీద వెలువడినవి. మరికొందరి గొంతు మాత్రమే మిగిలి, పేరు మిగలలేదు. ఈ రెండవ వర్గానికి చెందిన గాయనీ గాయకులను ఈ వ్యాసంలో అజ్ఞాత గాత్రాలు అని వ్యవహరించడమైనది. తెలుగు సినిమాలో 1943-44 ప్రాంతంలో నేపథ్య గానం మొదలైన తరువాత ప్రధాన గాయకులకు క్రమంగా పేరు, ప్రతిష్ఠ లభించినవి. బృంద గాయకులకు, ట్రాకు పాడేవారికి ఆ గుర్తింపు చాలా అరుదుగా దక్కినది. అమెరికాలోని సోల్ సంగీతపు రికార్డులలో కూడా 1960లలో ఇటువంటి పరిస్థితే ఉండేది. పేరు ప్రకటన కేవలం గౌరవానికి సంబంధించిన విషయం కాదు. భారతదేశపు కాపీరైట్ చట్టం ప్రకారం కొన్ని సందర్భాలలో ప్రదర్శకుని హక్కు కూడా దానితో ముడిపడి ఉన్నది.

పద వివరణ

సంస్కృత నాటక పరిభాషలో "నేపథ్యం" అనగా తెర వెనుక నటులు వేషం ధరించే చోటు. రంగస్థలం మీద కనబడని పాత్ర పలికే మాటలను "నేపథ్యంలో" అని నాటకకర్తలు సూచించేవారు. తోలుబొమ్మలాటలో బొమ్మ తెరమీద ఆడుతుండగా పాట, మాట తెర వెనుకనుండి వినబడతాయి. కూచిపూడిలో నర్తకి అభినయిస్తుండగా నట్టువనారు ప్రక్కన ఉండి పాడతాడు. కనుక ఒకరు ఆడగా మరొకరు పాడడం తెలుగువారికి కొత్త కాదు. అయితే బొమ్మలాటలోను, కూచిపూడిలోను పాడేది ఎవరో ప్రేక్షకులకు తెలుసు. చలనచిత్రంలో పాడే మనిషి ఎదుట ఉండడు కనుక, పేరు చెబితే తప్ప తెలిసే మార్గం లేదు.

పేరు లేకుండా మిగిలిపోయే గాత్రాలు ముఖ్యంగా నాలుగు రకాలు.

* మారు గొంతు - నటి లేదా నటునికి బదులుగా పాట అంతా పాడిన గొంతు.
* బృంద గానం - ప్రధాన గాయకుల వెనుక పాడే బృందం. పరిశ్రమలో దీనిని కోరస్ అంటారు.
* ట్రాకు - ప్రధాన గాయకుడు తరువాత వచ్చి పాడడానికి వీలుగా ముందు ఒకరిచేత పాడించి ఉంచే పాట.
* ఆలాపనలు - పాట మధ్యలో వచ్చే రాగాలు, హమ్మింగులు, కేకలు, నవ్వులు, నేపథ్య సంగీతంలో వచ్చే గొంతులు.

నటులే గాయకులైన కాలం

తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద (1932, దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి). ఆ చిత్రంలోను, తరువాత దాదాపు పదేండ్లపాటు వచ్చిన చిత్రాలలోను పాత్రధారులే తమ పాటలు, పద్యాలు పాడుకొనేవారు. పాటను, చిత్రాన్ని ఒకేసారి గ్రహించవలసి ఉండడంతో హార్మోనియం, తబలా వంటి వాద్యాలు వాయించేవారు కెమెరాకు కనబడకుండా చెట్ల చాటున, తెరల చాటున కూర్చొనేవారు. అందువల్ల నటునికి మొదటి అర్హత గొంతు. రంగస్థలం మీద పద్యం పాడి మెప్పించినవారికే సినిమా అవకాశాలు వచ్చేవి.

చిత్తూరు రామవిలాస సభ నాటకాలతో పేరు తెచ్చుకొని, ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా మార్చుకొన్న చిత్తూరు వి.నాగయ్య ఈ తరానికి ముఖ్యమైన ఉదాహరణ. ఆయన త్యాగయ్య (1946), యోగి వేమన (1947) చిత్రాలలో నటించి, పాడి, సంగీతం కూడా సమకూర్చారు. సి.ఎస్.ఆర్.ఆంజనేయులు, ఈలపాట రఘురామయ్య, కన్నాంబ, శాంతకుమారి, టంగుటూరి సూర్యకుమారి, ఎస్.వరలక్ష్మి కూడా నటనతో పాటు గానంలో పేరు పొందినవారే. భానుమతి నేపథ్య గానం స్థిరపడిన తరువాత కూడా తన పాత్రకు తానే పాడుకొనే పద్ధతిని విడిచిపెట్టలేదు. ఈ కాలంలో గొంతు ఎవరిది అనే ప్రశ్న సాధారణంగా తలెత్తలేదు. ముఖము, గొంతు ఒకరివే.

మారు గొంతు రాక

పాటను ముందుగా రికార్డు చేసి, చిత్రీకరణ సమయంలో దానిని వినిపిస్తూ నటులచేత పెదవులు కదిలింపజేసే పద్ధతిని కలకత్తాలోని న్యూ థియేటర్స్ సంస్థ 1935లో ప్రవేశపెట్టినది. నితిన్ బోస్ దర్శకత్వంలో బెంగాలీలో "భాగ్యచక్ర", హిందీలో "ధూప్ ఛావ్" అనే పేర్లతో వచ్చిన చిత్రం ఇందుకు ఆద్యం. సంగీత దర్శకుడు రాయ్‌చంద్ బోరాల్. తమిళంలో ఏ.వి.మెయ్యప్పన్ నిర్మించిన "నందకుమార్" (1938)లో లలితా వెంకటరామన్ నటికి బదులుగా పాడారు.

తెలుగులో "భాగ్యలక్ష్మి" (1943) చిత్రంలో కమలా కోట్నీస్‌కు రావు బాలసరస్వతీదేవి పాడిన పాటను తొలి నేపథ్య గీతంగా చెబుతారు. ఆ చిత్రానికి దర్శకుడు పి.పుల్లయ్య, సంగీత దర్శకుడు భీమవరపు నరసింహారావు. పురుషులలో "తహసీల్దార్" (1944) చిత్రంలో పాడిన ఎం.ఎస్.రామారావును మొదటి నేపథ్య గాయకునిగా పరిగణిస్తారు. సుందరకాండ గానం చేసి సుందరదాసుగా ప్రసిద్ధి పొందిన ఎం.ఎస్.రామారావు ఆయనే.

ఈ మార్పుతో నటుల ఎంపిక మారిపోయినది. పాడలేనివారు కూడా నాయికా నాయకులు కాగలిగారు. పాడగలిగి, తెరకు తగిన రూపం లేదని భావింపబడినవారికి కూడా ఉపాధి దొరికినది. తొలి చిత్రాలలో స్వయంగా పాడుకొన్న అక్కినేని నాగేశ్వరరావుకు "బాలరాజు" (1948)లో ఘంటసాల వెంకటేశ్వరరావు పాడారు. ఆ తరువాత పాతికేండ్లపాటు తెలుగు నాయకుని పాట అనగానే వినబడేది ఘంటసాల గొంతే. ఎస్.వి.రంగారావుకు మాధవపెద్ది సత్యం గొంతు ఎంతగా నప్పినదంటే, "మాయాబజార్" (1957)లోని ఘటోత్కచుని వివాహభోజనపు పాటను రంగారావే పాడినట్లు భావించినవారు ఉన్నారు. "లవకుశ" (1963)లో ఇద్దరు బాలురకు పి.లీల, పి.సుశీల పాడారు.

ముఖానికి వచ్చే కీర్తికి, గొంతుకు వచ్చే కీర్తికి మధ్య ఉన్న తేడాకు "రోజులు మారాయి" (1955) మంచి ఉదాహరణ. ఆ చిత్రంలోని ఏరువాక పాటకు నర్తించిన వహీదా రెహమాన్ దేశమంతా తెలిసిన నటి అయ్యారు. ఆ పాట పాడినది జిక్కి (పి.జి.కృష్ణవేణి). ఆమె తల్లిదండ్రులు తిరుపతి సమీపంలోని చంద్రగిరి నుండి మద్రాసుకు వెళ్ళి స్థిరపడినవారు. జిక్కి పేరు తెలుగు శ్రోతలకు చిరపరిచితమే. కాని ఆ పాటను చూచిన ఇతర ప్రాంతాలవారికి గుర్తున్నది నర్తకి ముఖం మాత్రమే.

పేరు ఎక్కడెక్కడ వెలువడేది?

ఒక పాట పాడినవారి పేరు ప్రజలకు చేరడానికి నాలుగు మార్గాలు ఉండేవి. అవి తెరమీది అక్షరాలు, రికార్డు మీది కాగితం, పాటల పుస్తకం, రేడియో.

తెరమీద "నేపథ్య గానం" అనే శీర్షిక క్రింద పేర్లన్నీ ఒకేచోట వేసేవారు. ఏ పాట ఎవరిది అన్నది దానివల్ల తెలియదు. 78 భ్రమణాల గ్రామఫోను రికార్డు ఒక్కొక్క ప్రక్క సుమారు మూడున్నర నిమిషాలు మాత్రమే నడుస్తుంది. కనుక సాధారణంగా ఒక ప్రక్కకు ఒక పాట ఉండేది. రికార్డు నడుమ అతికించిన గుండ్రని కాగితం మీద చిత్రం పేరు, పాట మొదటి మాటలు, పాడినవారి పేరు అచ్చువేసేవారు. పాటకు పేరును జతచేసే ప్రధానమైన ఆధారం ఈ కాగితమే. సినిమాహాళ్ళ దగ్గర అమ్మిన పాటల పుస్తకాలలో కథాసంగ్రహం, పాటల సాహిత్యం ఉండేవి. కొన్నింటిలో గాయకుల పేర్లు ఉండేవి, కొన్నింటిలో ఉండేవి కావు.

రికార్డు మీది పేరు కూడా ఎల్లప్పుడూ పాడినవారిది కాదు. ఇందుకు అందరూ చెప్పుకొనే ఉదాహరణ హిందీ చిత్రం "మహల్" (1949). ఖేమ్‌చంద్ ప్రకాశ్ సంగీతంలో లతా మంగేష్కర్ పాడిన ఆ చిత్రంలోని ప్రసిద్ధ గీతపు రికార్డు మీద ఆమె పేరుకు బదులు మధుబాల ధరించిన పాత్ర పేరు "కామిని" అని అచ్చువేశారు. ఆ పాట రేడియోలో వచ్చిన తరువాత పాడినది ఎవరని శ్రోతలు ఉత్తరాలు వ్రాయగా, రేడియోవారు రికార్డు కంపెనీని అడిగి పేరు తెలుసుకొని ప్రకటించారు. అదే సంవత్సరం వచ్చిన "బర్సాత్" చిత్రం నాటికి లత పేరు ప్రత్యేకంగా వెలువడినది.

రేడియో ఈ విషయంలో చేసిన మేలు గొప్పది. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938లోను, విజయవాడ కేంద్రం 1948లోను ప్రారంభమైనవి. వివిధభారతి 1957 అక్టోబరు 3న మొదలైనది. రేడియో సిలోన్ తెలుగు కార్యక్రమాలలో మీనాక్షి పొన్నుదురై గొంతు ఒక తరం శ్రోతలకు సుపరిచితం. పాట వేయడానికి ముందు చిత్రం, రచయిత, సంగీత దర్శకుడు, గాయకుల పేర్లు చదివే అలవాటు వల్ల, రికార్డులు కొనలేని కుటుంబాలలో కూడా ఘంటసాల, లీల, సుశీల, జిక్కి, ఏ.ఎం.రాజా, పిఠాపురం నాగేశ్వరరావు పేర్లు ఇంటి పేర్లయినవి.

హాలీవుడ్‌లో జరిగినది దీనికి భిన్నం. అక్కడ నటి తానే పాడినదన్న భ్రమను కాపాడడానికి ప్రయత్నించేవారు. మార్నీ నిక్సన్ "ది కింగ్ అండ్ ఐ" (1956)లో డెబొరా కెర్‌కు, "వెస్ట్ సైడ్ స్టోరీ" (1961)లో నటాలీ వుడ్‌కు, "మై ఫెయిర్ లేడీ" (1964)లో ఆడ్రీ హెప్‌బర్న్‌కు పాడారు. ఆ చిత్రాలలో తెరమీద ఆమె పేరు లేదు. భారతదేశంలో మారు గొంతు రహస్యంగా మిగలలేదు. అది బహిరంగమైన వృత్తిగా స్థిరపడి, 1967వ సంవత్సరపు చిత్రాలనుండి జాతీయ చలనచిత్ర పురస్కారాలలో స్థానం కూడా పొందినది. 1968వ సంవత్సరపు చిత్రాలకు ఉత్తమ నేపథ్య గాయనిగా ఆ పురస్కారాన్ని మొదట అందుకొన్నది తమిళ చిత్రం "ఉయర్న్‌ద మనిదన్"లో పాడిన పి.సుశీల.

అయితే ప్రధాన గాయకులకు తెర తొలగినప్పుడు, వారి వెనుక మరొక తెర మిగిలిపోయినది.

బృంద గాయకులు

పాత రికార్డుల మీద ప్రధాన గాయకుల పేరు తరువాత "బృందం" అన్న ఒక్క మాట కనబడుతుంది. ఆ మాట వెనుక కొన్నిసార్లు నలుగురు, కొన్నిసార్లు ఇరవైమంది ఉండేవారు. జానపద గీతాలు, పెళ్ళి పాటలు, భజనలు, పడవ పాటలు, విప్లవ గీతాలు బృందం లేకుండా నిలువవు. అయినను వారి పేర్లు తెరమీద గాని, రికార్డు మీద గాని వేసే ఆచారం ఉండేది కాదు.

బహుళ ట్రాకుల రికార్డింగు రాకముందు ప్రధాన గాయకులు, వాద్యబృందం, కోరస్ అందరూ ఒకే హాలులో ఒకేసారి పాడి వాయించవలసి వచ్చేది. ఒక్కరు తప్పు చేసినా పాట మొదటినుండి మళ్ళీ ఎత్తుకోవాలి. కోరస్ వారు కొందరు ఒకే మైకు చుట్టూ నిలబడి, ఎవరి గొంతు పైకి తేలకుండా దూరాన్ని సర్దుకొని పాడేవారు. గొంతు విడిగా వినబడకపోవడమే అక్కడ నైపుణ్యం. కనుక బృంద గాయకుడు ఎంత బాగా పాడితే అంతగా అజ్ఞాతంగా మిగిలిపోతాడు.

బృందం కొత్తవారికి పాఠశాల వంటిది. విజయనగరం సంగీత కళాశాలలో చదివి, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్ళి, అవకాశం కోసం మద్రాసు చేరిన ఘంటసాలకు సినిమాలో మొదట దొరికినది "సీతారామ జననం" (1944)లో బృందగానం. తరువాత "స్వర్గసీమ" (1945)లో భానుమతితో కలిసి పాడే అవకాశం వచ్చినది. ఆయన పైకి వచ్చారు కనుక ఆ మొదటి మెట్టు చరిత్రకెక్కినది. ఆయనతో పాటు నిలబడి పాడి, ఆ మెట్టుమీదే ఆగిపోయినవారి వివరాలు చరిత్రలో లేవు.

ఇందువల్ల లెక్కలు కూడా అసంపూర్ణమవుతాయి. పి.సుశీల పాడిన 17,695 పాటలను 2016లో గిన్నిస్ సంస్థ రికార్డుగా గుర్తించినది. ఈ లెక్క సాధ్యమైనది పాట పాటకు ఆమె పేరు నమోదై ఉండడం వల్లనే. జీవితమంతా బృందంలో పాడిన గాయని ఎన్ని పాటలలో ఉన్నదో లెక్కించడానికి తగిన నమోదు లేదు.

ట్రాకు గాయకులు

పాటను వేర్వేరు భాగాలుగా రికార్డు చేసి తరువాత కలిపే సౌకర్యం వచ్చిన పిదప ట్రాకు పాడే పద్ధతి వ్యాపించినది. దాని క్రమం ఈ విధంగా ఉంటుంది.

* సంగీత దర్శకుడు వాద్యసంగీతాన్ని రికార్డు చేయిస్తాడు.
* ప్రధాన గాయకుడు ఊరిలో లేకపోయినా, తీరిక లేకపోయినా, షూటింగు ఆగకుండా మరొకరిచేత పాట అంతా పాడిస్తారు. ఇదే ట్రాకు.
* చిత్రీకరణలో ఆ ట్రాకును వినిపిస్తూ నటులు పెదవులు కదుపుతారు.
* ప్రధాన గాయకుడు వచ్చినప్పుడు ట్రాకు విని పాట నేర్చుకొని, చెవికి పెట్టుకొన్న హెడ్‌ఫోనులో సంగీతం వింటూ పాడతాడు.
* పాత గొంతును చెరిపివేసి కొత్త గొంతును కలుపుతారు.

ట్రాకు గాయకునికి ఆ పూట పారితోషికం లభిస్తుంది. పాట విడుదలయ్యేనాటికి అతని గొంతు అందులో ఉండదు. కాని పాటలోని విరుపులు, గమకాలు, ఊపిరి తీసుకొనే చోట్లు అతను వేసిన బాటలోనే సాగవచ్చును. తెలుగు రాని గాయకులకు ఉచ్చారణ తెలియడానికి కూడా తెలుగువారిచేత ట్రాకు పాడిస్తారు. ఈ విధంగా చూస్తే ట్రాకు గాయకుడు తెర వెనుక ఉన్న ఉపాధ్యాయుడు.

అరుదుగా ట్రాకు చెరగకుండా నిలిచిపోతుంది. కవితా కృష్ణమూర్తి లతా మంగేష్కర్‌కు, ఇతరులకు చాలాకాలం ట్రాకులు పాడారు. హిందీ చిత్రం "మిస్టర్ ఇండియా" (1987)లోని ప్రసిద్ధ నృత్యగీతాన్ని ఆమె ఆశా భోస్లే కోసం ట్రాకుగా పాడగా, సంగీత దర్శకులు లక్ష్మీకాంత్ - ప్యారేలాల్ ఆ గొంతునే ఉంచివేశారు. ట్రాకే గదా అని సరిదిద్దకుండా వదిలిన ఒక మాట తప్పు కూడా పాటలో అలాగే మిగిలినది. తెలుగులో నాగూర్ బాబు సంగీత దర్శకుడు చక్రవర్తి వద్ద సహాయకుడుగా ఉంటూ ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం పాటలకు ట్రాకులు పాడి, తరువాత ఇళయరాజా పెట్టిన "మనో" అనే పేరుతో ప్రసిద్ధ గాయకుడయ్యారు. ట్రాకు నిలిచిపోయి పేరు వచ్చినవారు కొద్దిమంది. పాడిన ప్రతి పాటా చెరిగిపోయినవారే ఎక్కువ.

మాటలకు మారు గొంతు

పాటకు గొంతు ఇచ్చినవారికంటె మాటకు గొంతు ఇచ్చినవారి పేరు మరింత ఆలస్యంగా వెలుగులోకి వచ్చినది. ఈ రెండు రంగాలను కలిపిన వ్యక్తి ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం (1946-2020). నెల్లూరుతో అనుబంధం ఉండి, శ్రీకాళహస్తిలో, అనంతపురంలో చదువుకొన్న ఆయన "శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న" (1967)తో గాయకుడయ్యారు. కె.బాలచందర్ తమిళ చిత్రం తెలుగులోకి "మన్మథ లీల"గా అనువదింపబడినప్పుడు కమల్ హాసన్‌కు మాటలు చెప్పి, తరువాత అనేక చిత్రాలలో ఆయన తెలుగు గొంతుగా నిలిచారు. "దశావతారం" (2008) తెలుగు రూపంలో కమల్ ధరించిన పది పాత్రలలో ఏడింటికి ఆయనే గాత్రం ఇచ్చారు. "అన్నమయ్య" (1997)లో వేంకటేశ్వరునిగా నటించిన సుమన్‌కు చెప్పిన సంభాషణలకు నంది పురస్కారం లభించినది. పాట వల్ల ముందే ప్రసిద్ధుడు కావడంతో ఆయన గొంతును ప్రేక్షకులు వెంటనే పోల్చుకొనేవారు. అటువంటి ప్రసిద్ధి లేని డబ్బింగు కళాకారుల గొంతులు ప్రేక్షకులకు తెలుసు గాని పేర్లు తెలియవు.

అమెరికా సోల్ సంగీతంలో

నల్లజాతివారి చర్చి గానం, రిథమ్ అండ్ బ్లూస్ సంగీతం కలిసి 1950-60లలో సోల్ సంగీతం రూపొందినది. ఈ రికార్డుల మీద పేరు ఉన్న బృందం ఒకటి, పాడిన గొంతులు మరొకటి అయిన సందర్భాలు పలు ఉన్నవి.

1962లో నిర్మాత ఫిల్ స్పెక్టర్ "హీ ఈజ్ ఎ రెబెల్" అనే పాటను లాస్ ఏంజెలెస్‌లో హడావిడిగా రికార్డు చేశాడు. అదే పాటను మరొక గాయని కూడా పాడుతున్నందున ఆమెకంటె ముందు విడుదల చేయాలని ఆయన ఆత్రం. తన సంస్థకు చెందిన క్రిస్టల్స్ బృందం న్యూయార్క్‌లో ఉన్నందున, స్థానిక బృందమైన బ్లాసమ్స్‌ను పిలిపించి, డార్లీన్ లవ్ చేత ప్రధాన గాత్రం పాడించాడు. రికార్డు మీద మాత్రం క్రిస్టల్స్ పేరే వేశాడు. ఆ పాట అదే సంవత్సరం నవంబరులో బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరినది. తాము పాడని పాటను క్రిస్టల్స్ వేదికలమీద పాడవలసి వచ్చినది. పాడిన డార్లీన్ లవ్‌కు ఆ విజయంలో పేరు దక్కలేదు. చివరకు 2011లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను చేర్చుకొన్నది.

డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ సంస్థలో జాకీ హిక్స్, మార్లీన్ బారో, లూవెయిన్ డెంప్స్ అనే ముగ్గురు గాయనులు ఆండాంటెస్ అనే పేరుతో అనేక రికార్డులలో వెనుక గొంతులు ఇచ్చారు. డయానా రాస్ అండ్ ది సుప్రీమ్స్ పేరుతో వచ్చిన "లవ్ చైల్డ్" (1968)లో డయానా రాస్ వెనుక వినబడేది సుప్రీమ్స్ సభ్యులు కారు, ఆండాంటెస్. అదే బృందం పేరు మీద వచ్చిన "సమ్‌డే వి విల్ బి టుగెదర్" (1969)లో వెనుక పాడినది మాక్సిన్, జూలియా వాటర్స్ అనే సోదరీమణులు. మోటౌన్ వాద్యకారుల పేర్లు కూడా 1971లో మార్విన్ గే "వాట్స్ గోయింగ్ ఆన్" ఆల్బం వచ్చేవరకు అట్టల మీద కనబడలేదు.

1990లో మార్తా వాష్ పాడిన నృత్యగీతాలకు వీడియోలలో ఇతర యువతులు పెదవులు కదిపారు. ఆమె న్యాయస్థానాన్ని ఆశ్రయించి రికార్డు సంస్థలతో రాజీ కుదుర్చుకొన్నది. గాత్రం ఎవరిదో స్పష్టంగా పేర్కొనాలన్న పట్టుదల ఆ తరువాత అమెరికా పరిశ్రమలో బలపడినది. వెనుక గొంతుల జీవితాలపై వచ్చిన "ట్వెంటీ ఫీట్ ఫ్రమ్ స్టార్‌డమ్" (2013) డాక్యుమెంటరీ ఆస్కార్ బహుమతి పొందినది.

తెలుగు పద్ధతికి, దీనికి ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. నేపథ్య గానంలో నటి పాడలేదని ప్రేక్షకునికి తెలుసు. సోల్ రికార్డు కొన్న శ్రోత మాత్రం అట్టమీద బొమ్మ ఉన్నవారే పాడారని నమ్మి డబ్బు ఇచ్చాడు. బృంద గాయకుల విషయంలో రెండుచోట్లా పరిస్థితి ఒకటే.

చట్టంలో స్థానం

భారతదేశపు కాపీరైట్ చట్టం (1957)లో మొదట ప్రదర్శకులకు హక్కులేవీ లేవు. 1994 సవరణ (అమలు 1995 మే 10) ద్వారా గాయకులు, వాద్యకారులు, నటులు మొదలైనవారికి ప్రదర్శకుల హక్కు ఏర్పడినది. దాని కాలపరిమితి మొదట 25 సంవత్సరాలు కాగా, 1999 సవరణతో 50 సంవత్సరాలకు పెరిగినది.

2012 సవరణ (అమలు 2012 జూన్ 21) రెండు ముఖ్యమైన మార్పులు తెచ్చినది. 38-ఎ సెక్షను ప్రకారం తమ ప్రదర్శనను వాణిజ్యపరంగా ఉపయోగించినప్పుడు ప్రదర్శకులకు రాయల్టీ పొందే హక్కు ఉన్నది. 38-బి సెక్షను ప్రకారం ప్రదర్శకునికి రెండు నైతిక హక్కులు ఉన్నవి. మొదటిది, ఆ ప్రదర్శన తనదని గుర్తింపు కోరే హక్కు. రెండవది, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా దానిని వక్రీకరించకుండా అడ్డుకొనే హక్కు.

అదే సవరణ "ప్రదర్శకుడు" అనే నిర్వచనానికి ఒక మినహాయింపు కూడా చేర్చినది. చలనచిత్రంలో ఒకరి ప్రదర్శన యాదృచ్ఛికమైనది లేదా ఆనుషంగికమైనది అయి, పరిశ్రమ ఆచారం ప్రకారం అతని పేరు ఎక్కడా ప్రకటింపబడనిదైతే, అతడు ప్రదర్శకుడుగా పరిగణింపబడడు. వక్రీకరణను అడ్డుకొనే హక్కు మాత్రమే అతనికి మిగులుతుంది. ఈ మినహాయింపు వర్తించడానికి రెండు షరతులూ కలిసి ఉండాలి. ఒక పాట మొత్తం పాడినవారి గానం యాదృచ్ఛికం అనడానికి వీలులేదు. కాని రెండు పంక్తులు అందుకొన్న కోరస్ గాయని విషయంలో, ఇన్నాళ్ళూ పేరు వేయలేదు అన్న ఆచారమే ఆమెకు ప్రతికూలంగా నిలిచే అవకాశం ఉన్నది. తెరమీద పేరు ఉంటే ఈ చిక్కు రాదు. పేరు ప్రకటనకు ఆర్థికమైన విలువ ఏర్పడినది ఇక్కడనే.

గాయకుల రాయల్టీల వసూలుకై ఏర్పడిన ఇండియన్ సింగర్స్ రైట్స్ అసోసియేషన్ 2013లో కాపీరైట్ సంఘంగా నమోదైనది. తరువాత ఇది వాద్యకారులను కూడా చేర్చుకొన్నది. రాయల్టీ పంపకానికి మొదట కావలసినది ఏ పాట ఎవరు పాడారన్న నమోదు.

1990లలో క్యాసెట్లు, కాంపాక్ట్ డిస్కుల లోపలి కాగితాల మీద వాద్యకారుల, కోరస్ గాయకుల పేర్లు విడివిడిగా వేసే అలవాటు ఎ.ఆర్.రెహమాన్ ఆల్బములతో దక్షిణాదిన బాగా వ్యాపించినది. తరువాత పాటలు అంతర్జాలం ద్వారా వినడం మొదలై, లోపలి కాగితమే లేకుండా పోయినది.

పాడినవారిని గుర్తించు ఆధారాలు

పాత పాటల వివరాలు సేకరించేవారికి ఉపకరించే ఆధారాలు, వాటి పరిమితులు ఇవి.

* రికార్డు కాగితం - పాట వారీగా పేరు ఇస్తుంది. కాని పాత్ర పేరు వేసిన సందర్భాలు ఉన్నవి. "బృందం" అన్నచోట వివరం ఉండదు.
* తెరమీది అక్షరాలు - చిత్రంలో పాడినవారి జాబితా ఇస్తుంది. పాటకు, పేరుకు జత తెలియదు. పాత ప్రింట్లలో మొదటి అడుగులు అరిగిపోయి పేర్లు కనబడకపోవచ్చును.
* పాటల పుస్తకం - సాహిత్యానికి నమ్మదగినది. విడుదలకు ముందే అచ్చు అయినందున చివరి నిమిషపు మార్పులు ఇందులో ఉండవు.
* ఆత్మకథలు, ఇంటర్వ్యూలు - రికార్డింగు రోజున ఉన్నవారి మాట విలువైనది. చాలా ఏండ్ల తరువాత చెప్పినది కనుక మరొక ఆధారంతో సరిచూడాలి.
* చెవి - గొంతును పోల్చుకోవడం అనుభవజ్ఞులకు సాధ్యమే. కాని ఒకే గురువు వద్ద నేర్చినవారి గొంతులు, ఒకే గాయకుని అనుకరించినవారి గొంతులు పొరపడేలా చేస్తాయి. దీనిని ఏకైక ఆధారంగా తీసుకోరాదు.

వివరం దొరకని పాటకు ఊహించి ప్రసిద్ధ గాయకుల పేరు వ్రాయడం వల్ల అసలు పాడినవారికి రెండవసారి అన్యాయం జరుగుతుంది. ఒకచోట వ్రాసిన తప్పు పేరు అంతర్జాలంలో పలుచోట్లకు చేరి, అదే ఆధారంగా మారిపోతుంది. అటువంటి చోట "గాయని పేరు తెలియదు" అని వ్రాయడమే సరియైన పద్ధతి. ఆ ఖాళీని చూచి, తెలిసినవారు ఎవరైనా ఎప్పటికైనా దానిని పూరించగలరు. పేరు నిండి ఉన్నచోట ఎవరూ వెదకరు.

ఇవి కూడా చూడండి

* నేపథ్య గానం
* రావు బాలసరస్వతీదేవి
* ఎం.ఎస్.రామారావు
* ఘంటసాల వెంకటేశ్వరరావు
* జిక్కి
* చిత్తూరు నాగయ్య
* గ్రామఫోను రికార్డు
* కాపీరైట్